అప్‌డేట్: ప్రొఫైల్‌లో సాగ్ కర్వ్‌లకు లేబుల్ వచ్చింది

రోడ్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ సివిల్ 3డీలో, రోడ్డు ఎత్తుపల్లాలు చూపే ప్రొఫైల్ వ్యూలో క్రెస్ట్ (పైకి ఉబ్బిన) కర్వ్‌లకే లేబుల్ పడుతోంది, సాగ్ (కిందికి వంగిన) కర్వ్‌లకు పడట్లేదని ఇంతకుముందు అడిగాను. పరిష్కారం దొరికింది, జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్ అండీ.

క్రెస్ట్, సాగ్ రెండూ వేర్వేరు లేబుల్ టైపులు. డిజైన్ ప్రొఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ఎడిట్ లేబుల్స్‌లో టైప్ దగ్గర సాగ్ కర్వ్స్ ఎంచుకుని, స్టైల్ పెట్టి యాడ్ నొక్కాలి. లేబుల్ సెట్‌ను (లేబుల్ టైపులు, స్టైళ్ల గుంపును) సెట్టింగ్స్‌లో మార్చినంత మాత్రాన ఇప్పటికే గీసిన ప్రొఫైల్ మారదు; అదే డైలాగ్‌లో ఇంపోర్ట్ లేబుల్ సెట్ కొట్టాల్సిందే. ఇది ఎక్కడా కనపడేలా చెప్పకపోవడం అన్యాయం!

లేబుల్స్ ఒకదాని మీద ఒకటి పడుతుంటే లేబుల్ ఎక్కడ నిలవాలో చెప్పే డిమ్ యాంకర్ ఆప్షన్ చూడండి. క్రెస్ట్‌లను గ్రాఫ్ వ్యూ టాప్‌కి, సాగ్‌లను బాటమ్‌కి కట్టేస్తే షీట్ శుభ్రంగా ఉంటుంది.

లేబుల్‌లో కె విలువ (కర్వ్ పొడవును గ్రేడ్‌ల, అంటే వాలు శాతాల తేడాతో భాగిస్తే వచ్చేది) దశాంశాలు మార్చాలంటే టెక్స్ట్ ఎడిటర్‌లో పాత ఫీల్డ్‌ను సెలెక్ట్ చేసి, ప్రెసిషన్ మార్చి, బాణం గుర్తు మళ్లీ నొక్కాలి. నొక్కకపోతే పాతదే ఉంటుంది.

ప్రింట్‌కి ముందు ఒక కర్వ్‌ను చేత్తో లెక్కేయండి. +2.5%, −1.5% గ్రేడ్‌లు, పొడవు 160 మీటర్లు అయితే గ్రేడ్‌ల తేడా 4, కె 160÷4, అంటే 40. పీవీఐ (రెండు వాలు గీతలు కలిసే బిందువు) దగ్గర కర్వ్ ఆ బిందువు కన్నా 4×160÷800, అంటే 0.8 మీటర్లు కిందుంటుంది. లేబుల్‌లో పీవీఐ ఎలివేషన్ ఒక్కటే వేస్తే సైట్‌లో దాన్నే రోడ్డు లెవెల్ అనుకునే ప్రమాదం ఉంది, అందుకే కర్వ్‌లో అన్నిటికన్నా ఎత్తైన హై పాయింట్ స్టేషన్ (రోడ్డు వెంట దూరం), ఎలివేషన్ (ఎత్తు) కూడా కలిపాను.

కర్వ్ లేని పీవీఐలకు మాత్రం గ్రేడ్ బ్రేక్స్ టైప్ విడిగా యాడ్ చేసుకోవాలి.