వరంగల్‌లో లింగన్‌బెర్రీ వస్తుందా? ఎవరైనా పెంచారా?

హన్మకొండ_మిద్దె:
మా ఇంటికి ఉత్తరం వైపు సందు ఉంది. పొద్దున కాసేపు తప్ప ఎండ పడదు. స్వీడన్‌లో ఉన్న మా చెల్లెలు లింగన్‌బెర్రీ పెట్టమంటోంది. నీడలో బతుకుతుందట, మంచుకు చావదట, మోకాలి ఎత్తు కూడా పెరగదట. హైదరాబాద్ ఐకియాలో మీట్‌బాల్స్‌తో ఇచ్చే ఎర్ర జామ్ ఈ పండుదే. వచ్చేటప్పుడు విత్తనాలు తెస్తానంటోంది. మన దగ్గర ఎవరైనా పెంచారా?

కాజీపేట_కుండీలు:
అన్నా, మంచుకు ఓర్చుకోవడం వేరు, మన మే నెలకు ఓర్చుకోవడం వేరు. మైనస్ 40లో బతికే మొక్కకు 43 డిగ్రీలంటే ఏం తెలుసు? పైగా చలికాలమంతా బాగా చలి తగిలితేనే దానికి పూత. మనకు జనవరి తెల్లవారుజామున 13 పడితేనే చలిమంట వేస్తాం. ఇంకోటి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలు సూట్‌కేసులో తేవడం కుదరదు. చెల్లెలికి ముందే చెప్పండి.

ఆదిలాబాద్_చలి:
మా వైపు కొన్ని రాత్రులు 5 లోపుకు పోతుంది. కానీ మధ్యాహ్నానికి మళ్లీ 27, 28. ఆ చలి చాలదు.

నర్సంపేట_అక్క:
నేను లింగన్‌బెర్రీ పెట్టలేదు గానీ దాని దగ్గరి చుట్టం బ్లూబెర్రీ పెంచాను, చలి తక్కువ అడిగే రకమే. ఎండ సంగతి తర్వాత, ముందు నీళ్లే దెబ్బకొట్టాయి. మా బోరు నీళ్లు ఆరితే బకెట్ అంచున తెల్లగా సున్నం పేరుకుంటుంది. ఈ మొక్కలకేమో పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య ఉండే పుల్లటి మట్టి కావాలి. పీట్‌మాస్, కొబ్బరిపొట్టు కలిపి ఎంత బాగా కుండీ నింపినా, బోరు నీళ్లు పోసేకొద్దీ మట్టి సున్నం వైపు జరుగుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లేత ఆకు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీతల్లా మిగిలేవి. వానలు పడ్డాక వచ్చిన చిగుళ్లు చూస్తే అదే మొక్కేనా అనిపించేది! డ్రమ్ముల్లో వాననీళ్లు పట్టాను, ఎండాకాలం నడిమికి అయిపోయాయి. వేళ్లు కూడా పైపైనే, దారాల్లా సన్నగా ఉంటాయి, ఒక్క మధ్యాహ్నం ఎండితే మళ్లీ లేవవు. మేలో చనిపోయింది.

హన్మకొండ_మిద్దె:
ఆర్‌ఓ నీళ్లు పోస్తే అక్కా? వెనిగర్ కలిపితే?

నర్సంపేట_అక్క:
తాగే ఆర్‌ఓ నీళ్లయితే మంచివే తమ్మీ. వేస్ట్ పైపులోంచి వచ్చేవి మాత్రం వద్దు, ఉప్పులన్నీ అందులోనే చేరతాయి. వెనిగర్ పని నాలుగు రోజులే, సున్నం మళ్లీ పైకి వస్తుంది. మట్టికి గంధకం పొడి నయం, కాకపోతే నెలలు పడుతుంది. ఇదంతా చేసినా మే నెలలో రాత్రి కూడా కుండీ చల్లబడదు, దానికేం చేస్తావు?

ములుగు_రోడ్డు:
ఎర్రటి పుల్లటి కాయే కావాలంటే వాక్కాయ పెట్టుకోండి. ఎర్రచెల్క అయినా రాళ్లనేల అయినా సరే, బోరు నీళ్లకు అలగదు. మా అడవుల్లో దొరికే కలెపండ్లు దీని చుట్టమే. లింగన్‌బెర్రీలో పండు చెడిపోకుండా కాపాడే బెంజోయిక్ ఆమ్లం సహజంగా ఉంటుంది, అందుకే స్వీడన్ వాళ్లు చక్కెర లేకుండా ఉత్త నీళ్లలో వేసి సీసాల్లో దాస్తారు. వాక్కాయకు ఆ గుణం లేదు. కానీ పెక్టిన్ దండిగా ఉంది, జామ్ ఊరికే గట్టిపడుతుంది. పప్పులో వేస్తే ఇక చెప్పేదేముంది.

కాజీపేట_కుండీలు:
వాక్కాయ బాగానే ఉంది గానీ, ఆయన అడిగింది నీడ సందు గురించి. అక్కడ పెడితే ఆకు, ముల్లు తప్ప కాయ కనబడదు. దాన్ని ఎండ పడే ప్రహరీ వెంట పెట్టండి, ముళ్లకు మేకలు కూడా దగ్గరికి రావు. సందులో పసుపు, అల్లం, తమలపాకు తీగ హాయిగా వస్తాయి.

హన్మకొండ_మిద్దె:
సరే, చెల్లెలిని జామ్ సీసా ఒక్కటే తెమ్మంటా. వాక్కాయకు గింజ నాటాలా, మొక్క కొనాలా?

ములుగు_రోడ్డు:
రెండూ నడుస్తాయి. గింజ అయితే బాగా నల్లబడిన పండులోంచి తీసిన వెంటనే నాటాలి, దాచిపెడితే మొలవదు. మూడో ఏడు దాకా కాపు అడగొద్దు. జామ్‌కు మాత్రం కాయ గులాబీ రంగులో ఉండగానే కోయండి, నల్లబడితే పెక్టిన్ తగ్గుతుంది. కోసేటప్పుడు పాలు కారి చేతులకు జిగటగా అంటుకుంటాయి, ముందే నూనె రాసుకోండి.