రుద్రం, రుద్రమ, రుద్రమ్మ: ఆ ఒక్క 'మ' సంగతి

పరకాల పాఠకుడు:
మా చెల్లెకు బాబు పుట్టాడు. వచ్చే గురువారం ఇరవై ఒకటో దినం, తొట్టెల. బాపు 'రుద్రమ' అనే పేరు పెట్టాలని పట్టుబట్టాడు. మా ముత్తాత పేరట అది. 1954-55 ఖాస్రా పహాణీ, అంటే పాత భూమి రికార్డు, నకలు ఒకటి సందుగలో ఉంది, ఉర్దూలో రాసింది. చిన్నప్పుడు ఎవరో చదివి 'రుద్రమ' అన్నారని బాపుకు గుర్తు. బావ వాళ్లేమో 'ఆడపిల్ల పేరు పెడితే రేపు బడిలో పిల్లలు వాణ్ణి బతకనిస్తారా' అంటున్నారు. మధ్యలో చెల్లెకు టెన్షన్.

పేరు చివర ఏముందని పాతకాలం వాళ్లు చూడలేదు, పోతన కూడా తన పేరు ఒక్కోచోట ఒక్కో తీరుగా చెప్పుకున్నాడు అని బాపు వాదన. దానికి ఒక పద్యం ఎత్తుకుంటాడు, 'బమ్మెర పోతన యొకండు' దగ్గర ఆగిపోతాడు. రెండు రోజులుగా అదే నా నోట్లో తిరుగుతోంది. ఆ పాదం పూర్తి చేయండి. పేరు మగపిల్లాడికి నప్పుతుందా, అదీ చెప్పండి.

ఛందస్సు ప్రియుడు:
'బమ్మెర పోతరాజొకఁడు భాగవతంబు జగద్ధితంబుగన్'. పోతన కాదు, పోతరాజు. ఉత్పలమాలలో రెండో గణం రగణం, అంటే గురువు, లఘువు, గురువు. 'పోతరా' అంటే సరిగ్గా కుదురుతుంది, 'పోతన' అంటే మూడో అక్షరం లఘువై గణం విరుగుతుంది. బాపుగారు అక్కడ ఆగిపోతున్నది మరుపు వల్ల కాదు. నడక తప్పిందని చెవి పట్టేసింది.

కాజీపేట అక్క:
గణం కోసమే పోతరాజు అయ్యాడంటే నేను ఒప్పుకోను. ఛందస్సు బాధ లేని గద్యంలో 'కేసనమంత్రిపుత్ర, సహజపాండిత్య పోతనామాత్య' అన్నాడు. అంటే రెండు పేర్లూ ఆయనవే. భాగవతాన్ని రాజులకు ఇవ్వను, శ్రీహరికే ఇస్తాను అనే ఈ పద్యంలోనే 'రాజు' అని చెప్పుకోవడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. మన ఊళ్లలో అమ్మవారి ముందు నిలబడేవాడూ పోతరాజే కదా.

ఛందస్సు ప్రియుడు:
అర్థం బాగుంది అక్కా. ఇంకొకటి చూడండి. ఆ పద్యం ప్రాస 'మ్మ'. ఇమ్మనుజేశ్వర, సొమ్ములు, సమ్మెట, బమ్మెర. ఒక్కచోట ద్విత్వం జారినా పద్యం పోయినట్టే. ఇక్కడ అడుగుతున్నదీ ఆ 'మ్మ' గురించే, రుద్రమకూ రుద్రమ్మకూ తేడా అదే.

ఖిలా వరంగల్:
రుద్రమ పేరు ఎత్తి మన ఓరుగల్లు రాణి రుద్రమదేవిని మరిచిపోతే ఎట్లా! గణపతిదేవుడు కొడుకులు లేక బిడ్డను కొడుకులా పెంచాడు. 1262 నుంచి 1289 దాకా ఏలిన ఆమె శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు'. ఆమెకు ముందు వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు మగవాడు, ఆ గుడి శాసనం 1163 నాటిది. ఒకే పేరు ఒకసారి మగవాడికి, ఇంకోసారి ఆడమనిషికి. కాబట్టి 'రుద్ర' ఇద్దరిదీ.

చివరి 'మ' మాత్రం ఆడవాళ్లదే అని నా గట్టి నమ్మకం. ఆమె చెల్లెలు గణపమ, గణపాంబ అనీ అంటారు. మేనత్త మైలమ, బయ్యారం చెరువు తవ్వించిన మైలాంబ. రుద్రమ కూడా రుద్రాంబే. ఎక్కడ 'మ' ఉందో అక్కడ సంస్కృతంలో 'అంబ' వచ్చి కూర్చుంది. అది అమ్మే. బాబుకు 'రుద్రదేవ్' అని పెట్టండి.

జగిత్యాల మాస్టారు:
మగవాళ్ల పేర్లలో 'మ' లేదంటే కాటమరాజు ఏం కావాలి? గౌడన్నలు మొక్కే కాటమయ్య? ఇంకో దారి ఉంది. మా వైపు రాజేశం, మల్లేశం, పోచం, లింగం, అన్నీ మగ పేర్లే. పోచమ్మకు మొక్కుకుంటే పుట్టినవాడు పోచం, పోచయ్య. వేములవాడ రాజన్నకు మొక్కితే పుట్టిన బిడ్డ రాజమ్మ, రాజవ్వ. మేడారం సమ్మక్క పేరున సమ్మయ్య. దేవుడి పేరు ఆడబిడ్డకు, దేవత పేరు మగబిడ్డకు. పేరు మొక్కుది, తోక మాత్రమే మనిషిది. ఆ ముత్తాత 'రుద్రం' అయి ఉంటాడు. 'రుద్రమ' చదివినవాళ్ల నోట పుట్టింది.

ఖిలా వరంగల్:
కాటమలో 'మ' ధాతువులోదా, తోకలోదా, అది తేలాలి కదా మాస్టారూ.

ఉర్దూ మీడియం సార్:
మాస్టారి మాటకు బలం ఉంది. పట్వారీల షికస్తా, అంటే గొలుసుకట్టు ఉర్దూ రాతలో పొట్టి అచ్చులు ఉండవు, ద్విత్వానికి పెట్టే తష్దీద్ కూడా చాలామంది పెట్టరు. రే, దాల్, రే, మీమ్ అని రాస్తే రుద్రం అనీ చదవొచ్చు, రుద్రమ అనీ చదవొచ్చు. మీమ్ తరువాత అలిఫ్ ఉంటే రుద్రమ లేదా రుద్రమ్మ. పేరు వదిలేసి దాని పక్క మాట చూడండి. 'వల్ద్' ఉంటే ఫలానావారి కొడుకు, 'జౌజే' ఉంటే ఫలానావారి భార్య. వల్ద్‌లో లామ్ నిలువు గీత పైకి లేస్తుంది. జౌజేలో అట్లా లేచే అక్షరమే లేదు.

పరకాల పాఠకుడు:
ఇప్పుడే సందుగ తీసి చూశాను. కాగితం నాలుగు మడతలు పడి ఉంది, సిరా ఇటుక రంగుకు తిరిగింది. రే, దాల్, రే, మీమ్ స్పష్టంగా ఉన్నాయి. మీమ్ దాటగానే మడత, అక్కడ కాగితం నూగు లేచిపోయింది. మడత అవతల ఒక నిలువు గీత కనిపిస్తోంది సార్!

ఉర్దూ మీడియం సార్:
ఆ గీత పేరు చివరి అలిఫ్ కావచ్చు, వల్ద్‌లోని లామ్ కూడా కావచ్చు. లామ్ అయితే దానికి ముందు వావ్ గుండ్రటి తల ఉండాలి.

పరకాల పాఠకుడు:
సరిగ్గా అక్కడే మడత.

జగిత్యాల మాస్టారు:
లామే. రుద్రం అని పెట్టండి.

ఖిలా వరంగల్:
అలిఫే. ఆ పట్టా మీ ముత్తవ్వ పేరున ఉండి ఉంటుంది. ఆమె పేరు మనుమడికి పెట్టినా తప్పేం లేదు, మన రాణికి తాతగారి అన్న రుద్రదేవుడి పేరు లేదా?

కాజీపేట అక్క:
తొట్టెల రోజు బాపును ఆ పద్యం మొత్తం చదవమనండి తమ్ముడూ, బాబు చెవిలో పడనీయండి. ఒకటి అడుగుతాను, ఆయన 'సమ్మెట వ్రేటులం బడక' అంటారా, 'సమ్మెట వాటులం' అంటారా? నేను రెండూ విన్నాను. మా ఇంట్లో వాటులే.

ఛందస్సు ప్రియుడు:
వ్రేటులే అక్కా. రెండూ గణానికి సరిపోతాయి, కానీ సమ్మెట దెబ్బ చప్పుడు 'వ్రే'లో ఉంది.