అరిగిపోయిన ముద్రను మళ్లీ కొట్టిస్తే మరమ్మతా, మోసమా?

పెరంబూరు పాతసరుకు:
డాలస్‌లో ఉంటున్న మా తమ్ముడు ఎం1 గరాండ్ రైఫిల్ ఒకటి బేరమాడుతున్నాడు. రెండో ప్రపంచయుద్ధం నాటి అమెరికా సైన్యం తుపాకి అది. బట్ కర్రకు, అంటే భుజానికి ఆనించే చెక్కభాగానికి, ఎడమవైపు చదరపు గడిలో ఎస్‌ఏ, దాని కింద జీహెచ్‌ఎస్ అని తనిఖీ ముద్ర ఉంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం, అప్పటి అధిపతి గిల్బర్ట్ హెచ్. స్టూవర్ట్ పొడి అక్షరాలు అవి. ఆ ముద్రకే ధర పలుకుతుంది. అమ్మేవాడు అసలుదే అంటున్నాడు. తమ్ముడి స్నేహితుడేమో "ఈ మధ్య మళ్లీ కొట్టించినట్టుంది, కర్ర పాతదైతే చాలదా" అంటున్నాడట. మీరేమంటారు?

వడ్రంగి మేస్త్రి:
చాలు. మా తాతగారి భోషాణానికి నేనే పాలిష్ పెట్టాను, అరిగిన నగిషీ మళ్లీ చెక్కాను. అది నకిలీ అయిపోయిందా? పైగా యుద్ధం తర్వాత ఆ రైఫిళ్లను సైన్యమే విప్పి, కర్రలు మార్చి, కొత్త ముద్రలు కొట్టింది. వాళ్లు చేస్తే ఒప్పు, మనం చేస్తే తప్పా?

ప్యారిస్ డైలపని:
మేస్త్రిగారూ, సైన్యం కొట్టిన మాట నిజమే. కానీ ఎవరి ముద్ర వాళ్లు కొట్టారు. రెడ్ రివర్ సైనిక డిపోలో బాగుచేసినదానికి ఆర్‌ఆర్‌ఏ, అగస్టా డిపోలో చేసినదానికి ఏఏ. ఇప్పుడు జీహెచ్‌ఎస్ అని కొట్టడం అంటే, ఎప్పుడో తనిఖీ చేయించిన మనిషి సంతకం మనం పెట్టడం. పాత కాగితం మీద పెట్టినా దొంగ సంతకం దొంగ సంతకమే.

ఇక పట్టుకోవడం సంగతి. ఇరవై ఏళ్లుగా ఇత్తడి డైలు, అంటే ముద్ర కొట్టే అచ్చులు, చెక్కుతున్నాను. ముద్ర అంటే కర్రను కోయడం కాదు, నారను అణచడం. నిన్న రాత్రి ఒక టేకు ముక్క మీద రెండు గాట్లు పెట్టాను. ఒకటి ముద్రకు ముందు, ఒకటి తర్వాత. భూతద్దంలో తేడా స్పష్టంగా కనబడింది. తర్వాత పడిన లోతైన గాటు గడి గీతను తెంపేసింది. ముందే ఉన్న గాటు ఒడ్డును మాత్రం గడి గీత నలిపేసి, అణచుకుంటూ లోపలికి దిగింది. ఎనభై ఏళ్లు చేతులు మారిన కర్ర మీద చుట్టూ దెబ్బలుండి, ముద్రను ఒక్కటీ తాకకపోతే నేనైతే నమ్మను.

బట్ చివరి ఇనుప పలకను కూడా చూడమనండి. కర్ర పలక అంచుకన్నా కిందకు దిగి ఉంటే ఉప్పు కాగితంతో బాగా రుద్దేశారన్నమాట. రుద్దితే ముద్ర లోతు తగ్గాలి. అలాంటి కర్ర మీద ముద్ర లోతుగా ఉందంటే, రుద్దాకే కొట్టారు. తడిబట్ట వేసి ఇస్త్రీపెట్టె పెడితే సొట్టలు లేస్తాయి, వాటితోపాటు అణిగిన ముద్రా లేస్తుంది. లేజర్‌తో చెక్కినదైతే అంచు మాడి ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. స్టూవర్ట్ 1942 దాకానే ఆ పదవిలో ఉన్నాడు. 1944లో తయారైనట్టు వరుస నంబరున్న రైఫిల్‌కు ఆ ముద్ర కర్ర కనబడితే వెంటనే నకిలీ అనకూడదు, డిపోలో మార్చి ఉండొచ్చు.

వడ్రంగి మేస్త్రి:
డిపో ముద్రల సంగతి ఒప్పుకుంటున్నాను, నేనలా ఆలోచించలేదు. కానీ మళ్లీ కొట్టించానని చెప్పే అమ్మితే మోసం ఎక్కడుంది? కొనేవాడికి తెలిసే కొంటున్నాడు కదా.

ప్యారిస్ డైలపని:
మొదట కొన్నవాడికి తెలుసు. అతని దగ్గర కొన్నవాడికి ఎవరు చెబుతారు? పల్లావరం శుక్రవారం సంతలో పాత సంవత్సరం చెక్కిన ఇత్తడి దిక్సూచి మా బావ కొన్నాడు. కొత్తదని తయారుచేసినవాడు దాచకపోయి ఉండొచ్చు, మా బావ దాకా ఆ మాట రాలేదు. అంతగా కొట్టించాలనుంటే ఇనుప పలక విప్పి, లోపలి కర్ర మీద కొట్టిన సంవత్సరం, కొట్టినవాడి గుర్తు వేయమనండి. దానికి నాకు అభ్యంతరం లేదు.

వడ్రంగి మేస్త్రి:
లోపల గుర్తు వేయడం బాగుంది. అయినా అరిగిన ముద్రను అలాగే వదిలేయాలంటే నాకు మనసొప్పదు.

పెరంబూరు పాతసరుకు:
తమ్ముడు పక్కనుంచి టార్చి వేసి ఫొటోలు తీయించి పంపాడు. గడి కింది గీత దాటేచోట పాత గాటు ఒడ్డు నలిగి ఉంది, గీత తెగలేదు. కర్ర కూడా పలకకన్నా అగ్గిపుల్ల మందం దిగి ఉంది. మామూలు కర్ర ధరకైతే కొంటానని రాశాడు. అమ్మేవాడి నుంచి ఇంకా జవాబు రాలేదు.