మళ్లీ వాడుకోవడానికి కూడా ఒక గుర్తు ఉండాలి కదా?

ప్రశ్న: మూడు బాణాల రీసైక్లింగ్ గుర్తు చూడగానే ఎవరికైనా తెలిసిపోతుంది, కానీ కడిగి మళ్లీ వాడొచ్చు అని చెప్పే గుర్తు అంతలా అందరికీ తెలిసింది ఒక్కటీ లేదు, నాకిది నిజంగా బాధగా ఉంటుంది ఎందుకంటే గాజు సీసా కరిగించాలంటే దాదాపు 1500 డిగ్రీల వేడి కావాలి, అదే కడగడానికైతే వేడినీళ్లు చాలు. ఎలాంటి బొమ్మైతే బాగుంటుందంటారు?

రిప్లై 1: కరెక్టండి. ఆ బాణాలు 1970లో గ్యారీ ఆండర్సన్ అనే స్టూడెంట్ ఒక పోటీకి గీసినవి, ఎవరైనా ఫ్రీగా వాడుకునేలా ఉంది కాబట్టే అంతలా పాకిపోయింది. కొత్తదానికీ ఫీజులు పెట్టకూడదు.

రిప్లై 2: బాణాలు మాత్రం వద్దు ప్లీజ్. ప్లాస్టిక్ మీద బాణాల మధ్య నంబర్ ఉంటుంది చూడండి, అది ప్లాస్టిక్ రకం చెప్తుందంతే, చాలామంది రీసైకిల్ అయిపోతుందిలే అనుకుని నిశ్చింతగా పడేస్తారు.

రిప్లై 3: జర్మనీలో తిరిగిచ్చే సీసాల మీద మేర్‌వేగ్ అనే గుర్తు ఉంది, కాకపోతే దాని వెనక డిపాజిట్ ఉంది, వెనక్కి తీసుకునే షాపులున్నాయి. అవేవీ లేకుండా ఉత్త గుర్తు వేస్తే జనం ఖాళీ సీసా పట్టుకుని ఎక్కడికెళ్తారు?

ప్రశ్న అడిగినవారు: అవును, అది ఆలోచించలేదు. అయితే బాణాలు లేకుండా, ఒక చెయ్యి సీసా తిరిగిస్తున్నట్టు గీసి చూస్తా, రేపు పెడతాను.