ఉచిత థీమ్‌ల రాశిలో మంచి డిజైను కంటికి ఆనేదెలా?

మల్లెపందిరి: నా తెలుగు బ్లాగుకు కొత్త ముస్తాబు కోసం, అంటే సైటు రూపురేఖలు మార్చే ‘థీమ్’ కోసం, బ్లాగులు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్ థీమ్‌ల డైరెక్టరీలో రెండు వారాంతాలు వెతికాను. ఎవరు చేసిన థీమ్‌నైనా అక్కడ సమర్పించవచ్చు కనుక అవి వేలల్లో పోగుపడ్డాయి. పాపులర్ వరుసలో ఎప్పుడు చూసినా దాదాపు అవే పేర్లు కనిపిస్తున్నాయి; నాకు నిజంగా నచ్చినది ఎక్కడో అడుగున, ఒక్క రేటింగు కూడా లేకుండా దొరికింది. ఇలాంటివాటిని పైకి తేవడానికి మీరు ఏం చేశారో, ఏది ఫలించిందో చెప్పగలరా?

పాత సమీక్షకుడు: కొన్నాళ్లు థీమ్‌ల సమీక్షలో స్వచ్ఛందంగా పనిచేశాను కనుక లోపలి సంగతి చెబుతాను. 2010లో ఏర్పడిన సమీక్ష బృందం చూసేది జీపీఎల్ లైసెన్సు (ఎవరైనా వాడుకుని, మార్చుకునే అనుమతి) ఉందా, కోడు భద్రంగా ఉందా, థీమ్‌లోని మాటలను అనువదించుకునే వీలుందా అన్నవాటిని. డిజైను బాగుందా అన్న ప్రశ్న ఆ జాబితాలో లేదు. అది పొరపాటు కాదు, ఎందుకంటే అభిరుచి పేరుతో ఒకరి పనిని తిప్పి పంపే అధికారం సమీక్షకుడికి ఉంటే రోజూ తగవులే. అందువల్ల డైరెక్టరీలోకి చేరడం మంచి డిజైనుకు గుర్తు కాదు. ఒక్క మినహాయింపు మాత్రం చెప్పుకోవాలి: ‘యాక్సెసిబిలిటీ రెడీ’ (వైకల్యం ఉన్నవారూ వాడుకోగలిగేది) అనే ట్యాగ్‌ను విడిగా పరీక్షించాకే ఇస్తారు, కాబట్టి నేను వెతికేటప్పుడు ముందుగా దాన్నే చూస్తాను.

గీతలపని: నేను థీమ్‌లు తయారుచేస్తాను. పైన ఉన్నదాన్నే జనం చూస్తారు, చూసినదాన్నే వేసుకుంటారు, వేసుకున్నకొద్దీ అది పైనే ఉంటుంది. కొత్తగా వచ్చినది ‘లేటెస్ట్’ వరుసలో కాసేపు మెరిసి కిందికి జారిపోతుంది. దీనికి తోడు స్క్రీన్‌షాట్ మాయ ఒకటి. 1200×900 పిక్సెళ్లకు మించని ఆ ఒక్క బొమ్మలోనే మా పనితనమంతా చూపించాలి కనుక, చాలామంది అందమైన ఫోటోలతో దాన్ని నింపేస్తారు, మొదట్లో నేనూ అదే చేశాను. తీరా థీమ్ వేసుకుంటే, నిండు విస్తరి బొమ్మ చూసి హోటల్లోకి వెళ్లినవాడి ముందు ఉత్త ఆకు పరిచినట్టు ఉంటుంది.

లెక్కలరావు: రేటింగులను సగటుతో పోల్చడం ఆపితే కొంత మేలు. ముగ్గురు మిత్రులు ఐదేసి నక్షత్రాలు ఇచ్చిన థీమ్‌కు సగటు 5, రెండు వందల మంది మెచ్చినదానికి 4.6 వస్తే, వరుసలో మొదటిదే పైకి పోతుంది. ఎడ్విన్ విల్సన్ 1927లో ప్రచురించిన సూత్రం ప్రకారం, మెచ్చినవారి పాలు కనీసం ఎంత ఉండవచ్చో అంచనా కట్టి, ఆ కనిష్ఠాన్ని బట్టి పేర్చవచ్చు. చర్చల సైటు రెడిట్ 2009లో వ్యాఖ్యల వరుసకు దీన్నే వాడింది.

ఒత్తక్షరం: లెక్కలరావు గారి సూత్రం బాగానే ఉంది కానీ, ఒక్కరూ రేటింగు ఇవ్వని థీమ్‌కు అది ఏ సాయమూ చేయదు; మల్లెపందిరి గారి ఇబ్బంది సరిగ్గా అదే. నా దృష్టిలో అన్ని థీమ్‌లకూ ఒకే సరుకు, అంటే అవే రాతలు, వేసి చూడడం మేలు. 2003లో డేవ్ షే మొదలుపెట్టిన సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే సైటులో హెచ్‌టీఎమ్ఎల్ (పేజీలోని రాత, దాని అమరిక) అందరికీ ఒక్కటే, మారేది సీఎస్ఎస్‌తో చేసే అలంకరణ ఒక్కటే, అందుకే పనితనంలో తేడా దాచినా దాగేది కాదు. వర్డ్‌ప్రెస్‌కు కూడా పొడుగాటి శీర్షికలు, ఒకదానిలో ఒకటి దూరిన జాబితాలు, వ్యాఖ్యల కింద వ్యాఖ్యలు ఉన్న పరీక్ష సరుకు ఉంది.

నేను దానికి ఒక తెలుగు పేజీ చేర్చుకున్నాను. ‘రాష్ట్రస్థాయి స్త్రీల క్రీడోత్సవం’ అనే శీర్షికను రెండు వరుసల్లోకి విరిగేలా పెట్టండి. ఇంగ్లీషు అక్షరాలకు ఒదిగేలా వరుసల ఎడం అక్షరాల సైజుకు 1.1 రెట్లుగా పెట్టిన థీమ్‌లో పై వరుసలోని ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి, కొన్నిచోట్ల మెనూ అంచు దగ్గర సగానికి తెగిపోతాయి. మండలి, రామభద్ర వంటి ఫాంట్లు మార్చి చూసినప్పుడు ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఆ బొమ్మలను పక్కపక్కన పెట్టి, ఏది ఎందుకు బాగుందో రెండు వాక్యాలు రాస్తే నక్షత్రాలకన్నా ఎక్కువ పనికొస్తుంది.

గీతలపని: మాకు కూడా! ‘సూపర్’ అన్న వ్యాఖ్యతో నేను సరిదిద్దుకునేది ఏమీ ఉండదు.

మల్లెపందిరి: ఒత్తక్షరం గారి శీర్షికతో నిన్న ఏడు థీమ్‌లు పరీక్షించాను. రెండింటిలోనే ఒత్తులు చెక్కుచెదరలేదు, వాటిలో అడుగున దొరికిన ఆ థీమ్ ఒకటి. దాని పేజీలో తెలుగు బొమ్మతో సహా మొదటి సమీక్ష రాశాను. మెనూలో ఎడం కాస్త పెంచమని కర్తను అడిగాను, జవాబు రాగానే ఇక్కడ తెలియజేస్తాను.