వెబ్ ఆప్షన్లలో ముందు పెట్టాల్సింది వచ్చే సీటునా, కావాల్సిన సీటునా?

ఒక విద్యార్థి తండ్రి:
మా అబ్బాయికి జేఈఈ మెయిన్‌లోనూ తెలంగాణ ఈఏపీసెట్‌లోనూ ఒక మోస్తరు ర్యాంకులు వచ్చాయి. ఇప్పుడు వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీ, బ్రాంచిల జాబితాను ఆన్‌లైన్‌లో వరుసగా పెట్టాలి. రాని సీట్లను ఆశకొద్దీ పైన పెడితే, వచ్చే సీటు ఈలోగా వేరొకరికి వెళ్లిపోతుందని, గత ఏడాది కటాఫ్‌ను బట్టి ఖాయంగా వచ్చేవాటినే ముందు పెట్టాలని తెలిసినవారు గట్టిగా చెబుతున్నారు. మా వాడేమో తనకు నచ్చిన వరుసలోనే పెడతానంటున్నాడు. ఎవరి మాట వినాలి?

గణిత అధ్యాపకురాలు:
మీ అబ్బాయి మాటే వినండి. ఒక సీటుకు ఇద్దరు పోటీ పడినప్పుడు చూసేది వారి ర్యాంకునే తప్ప, ఆ సీటును ఎవరు ఎన్నో ఆప్షన్‌గా పెట్టుకున్నారన్నది కాదు. మీ అబ్బాయి నలభయ్యో ఆప్షన్‌గా పెట్టిన సీటును, అదే కేటగిరీలో అతని కన్నా వెనక ర్యాంకు వచ్చిన మరొకరు మొదటి ఆప్షన్‌గా పెట్టినా, పైవేవీ దక్కని పక్షంలో ఆ సీటు మీ అబ్బాయికే వస్తుంది. ఐఐటీలు, ఎన్‌ఐటీలకు 2015 నుంచి ఉమ్మడిగా సీట్లు కేటాయిస్తున్న జోసా పద్ధతికి మూలం 1962లో గేల్, షాప్లీ అనే గణితవేత్తలు ప్రతిపాదించిన విధానం. మనసులోని వరుసను ఉన్నదున్నట్టు రాసినవారికి నష్టం జరగకపోవడమే దాని ప్రధాన గుణం.

అసలు నష్టం మీకు చెప్పిన సలహాలోనే ఉంది. ఖాయమైన సీటును మొదట పెడితే అదే వస్తుంది, దాని కింద పెట్టినవాటిని ఇక ఎవరూ చూడరు. తర్వాతి రౌండ్లకు ఫ్లోట్ (వచ్చిన సీటును ఉంచుకుంటూనే అంతకంటే మెరుగైనదాని కోసం చూడటం) ఎంచుకున్నా, వచ్చిన సీటు కంటే పైనున్న ఆప్షన్లకే అవకాశం ఉంటుంది.

మరో తల్లి:
మేడమ్, సూత్రం బాగానే ఉంది గానీ, దాన్ని నమ్ముకుని పేరున్న కాలేజీలు పదిహేను మాత్రమే పెట్టి, మొదటి విడతలో ఏ సీటూ రాక ఏడ్చిన పిల్లలను మా బంధువుల్లోనే చూశాను. కటాఫ్‌లు చూడకుండా ఆప్షన్లు పెట్టమనడం బాధ్యత గల సలహా ఎలా అవుతుంది? పైగా పదిహేడేళ్ల పిల్లలకు ఏ బ్రాంచి ఏమిటో ఎంతవరకు తెలుసు?

గణిత అధ్యాపకురాలు:
మీ భయం న్యాయమైనదేనమ్మా. కటాఫ్‌లు తప్పక చూడాలి, అయితే అవి జాబితా ఎంత కిందికి వెళ్లాలో చెబుతాయే గానీ ఏది ముందో చెప్పవు. వాటిని చదవడంలోనూ జాగ్రత్త అవసరం. వరంగల్ ఎన్‌ఐటీలో ఒకే బ్రాంచికి తెలంగాణ వారికి హోం స్టేట్ అని, ఇతరులకు అదర్ స్టేట్ అని వేర్వేరు క్లోజింగ్ ర్యాంకులు (చివరి సీటు దక్కిన ర్యాంకులు) ఉంటాయి. అమ్మాయిలకు మాత్రమే ఉన్న సీట్ల క్లోజింగ్ ర్యాంకులు మళ్లీ వేరు. అబ్బాయి కోసం వెతుకుతూ ఆ ర్యాంకులను చదివితే లేని ఆశ పుడుతుంది.

బ్రాంచి విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను. నాలుగేళ్లు ఆ పుస్తకాలతో కూర్చునేది వాళ్లు కాబట్టి వరుస వాళ్లదే కావాలి. ఫీజు కట్టగలమా, అంత దూరం పంపగలమా అన్నది తల్లిదండ్రులు తేల్చాలి, అదీ ఆప్షన్లు పెట్టకముందే తేల్చాలి. చేర్పించలేని కాలేజీ పేరును కిందికి జరపడం కాదు, జాబితాలోంచే తీసేయాలి.

ఒక విద్యార్థి తండ్రి:
మరి ఈఏపీసెట్ మొదటి విడతలో వచ్చిన సీటును ఉంచుకుని, రెండో విడతలో మళ్లీ ఇదే జాబితా పెట్టవచ్చా?

గణిత అధ్యాపకురాలు:
మొత్తం జాబితా పెట్టకండి. రెండో విడతలో కొత్త సీటు రాగానే పాతది దానంతట అదే రద్దవుతుంది, వెనక్కి తీసుకునే వీలుండదు. అందుకే చేతిలో ఉన్న సీటు కంటే మీ అబ్బాయి నిజంగా ఎక్కువగా కోరుకునేవి మాత్రమే అప్పుడు పెట్టాలి. అలాంటివి రెండే ఉంటే రెండే పెట్టండి, ఒక్కటీ లేకపోతే ఆ విడతలో అసలు ఆప్షన్లే పెట్టకండి.