కొలిమిలో చేస్తున్న చెంచా ప్రతిసారీ మెడ దగ్గరే విరుగుతున్నది, కారణం ఏమిటి?

హన్మకొండ అభ్యాసి (ప్రశ్న):

పెద్దలకు నమస్కారం. నాలుగు నెలలుగా సెలవు రోజులలో పరకాల వైపు ఒక పల్లెకు వెళ్లి, అక్కడి కమ్మరి పెద్దాయన కొలిమి దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఆయన కొడవళ్లు, కర్రులు, గొడ్డళ్లు చేస్తారు. అన్నం తినే చెంచా తాను ఎన్నడూ చేయలేదని, కావాలంటే నన్నే ప్రయత్నించి చూడమని అన్నారు. ఇంట్లో అందరికీ సరిపోయేటట్లు అర డజను చెంచాలు నా చేతితో చేయాలని నా కోరిక.

ఇప్పటికి ఐదు చేస్తే మూడు విరిగాయి. మూడూ గుంత ముగిసి కాడ మొదలయ్యే మెడ దగ్గరే విరిగాయి. మూడవ దాని ముక్కను ఎండలో పట్టుకుని చూస్తే, విరిగిన చోట సగం నల్లగా, మిగిలిన సగం బూడిద రంగులో మెరుస్తూ కనిపించింది. ఇల్లు కట్టగా మిగిలిన 12 మి.మీ. సలాక ముక్కలు వాడుతున్నాను. ముందుగా దాగలి (ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ) అంచు మీద మెడను సన్నగా కొట్టి, తరువాత కొనను వెడల్పు చేసి, పని కాగానే నీళ్లలో ముంచుతున్నాను. లారీ కమాను పట్టా వంటి గట్టి ఉక్కు వాడితే ఈ బాధ తీరుతుందా?

జమ్మికుంట కమ్మరి:

తమ్ముడూ, నీవు చూసిన ఆ నలుపులోనే జవాబు ఉన్నది. మెరిసే భాగం చివరన విరిగినది. నల్లని భాగం అంతకు ముందే, ఇనుము వేడి మీద ఉండగానే పగిలి, ఆ పగులులోకి గాలి పోయి పొలుసు కట్టినది. అంటే ఆ చెంచా కొలిమి దగ్గరే సగం విరిగి మీ ఇంటికి వచ్చింది.

మెడను ముందుగా సన్నం చేయడం వల్లనే ఇది జరుగుతున్నది. సన్నబడిన చోట వేడి త్వరగా దిగిపోతుంది. నీ చూపు కొన మీద ఉంటుంది, అది ఎర్రగానే కనిపిస్తుంది, కానీ మెడ అప్పటికే నల్లబడి, కొన మీద పడే ప్రతి దెబ్బకూ పైకీ కిందికీ ఊగుతుంది. పదునైన దాగలి అంచు అక్కడ ముందే ఒక గాటు పెట్టి ఉంచింది కనుక పగులు ఆ గాటు వెంటే పోతుంది. అంచును ఆకురాయితో కొంచెం గుండ్రంగా చేసుకో. మెడ ఎక్కడ రావాలో గుర్తుగా లోతులేని నొక్కు మాత్రం వేసి, ముందు కొన సంగతి చూడు.

12 మి.మీ. సలాకలో కొన నుండి 25 మి.మీ. పొడవు చాలు. సుత్తి సన్నని ముక్కుతో దానిని పరుచుకుంటూ ఒకటిన్నర మిల్లీమీటరు మందానికి తెస్తే, సుమారు 60 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు గల ఆకు వస్తుంది, పొలుసుగా రాలిపోయేది పోను కొంచెం తగ్గుతుంది. చింత మొద్దులో చిన్న గుంత కాల్చుకుని, ఎర్రని ఆకును అందులో పెట్టి, గుండ్రని మూతి గల సుత్తితో మెల్లగా దించాలి. పలుచబడిన ఆకును కొలిమిలో పెట్టి పక్కకు చూడరాదు. మెడ ఎర్రబడేలోపే దాని అంచు తెల్లబడి, రవ్వలు చిమ్ముతూ కాలిపోతుంది. కాడకు మరో 50 మి.మీ. ఉంటే, 6 మి.మీ. నలుపలకగా సాగదీసినప్పుడు 150 మి.మీ. వస్తుంది. పొడవైన సలాకతోనే పని చేసి చివరన కోసుకుంటే పట్టుకారు జారే బాధ ఉండదు.

కాజీపేట వెల్డర్:

పెద్దన్న చెప్పిన క్రమం సరైనదే, అయితే సరుకు కూడా మార్చాలి. ఇంటి కప్పుకు వాడే టీఎంటీ సలాక ఒంటి మీద గీతలు లేచి ఉంటాయి. కొట్టి చదును చేసినప్పుడు అవి ఇనుములో కలిసిపోవు, పక్కకు ఒరిగి మడతలుగా మిగులుతాయి. ఒక్కొక్క మడత ఒక్కొక్క పగులుకు మొదలు, పైగా తిండి ఇరుక్కునే చోటు. ఇనుప దుకాణంలో నున్నని ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మెత్తని ఉక్కు) సలాక అడిగి తీసుకోండి.

కమాను పట్టా వద్దు. అందులో కర్బనం అర శాతం పైన ఉంటుంది, ఎంఎస్ సలాకలో ఐదో వంతు శాతం చుట్టూ ఉంటుంది. కర్బనం పెరిగిన కొద్దీ పదును నిలుస్తుంది, వంగే గుణం తగ్గుతుంది. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసలలో తీసిన ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు అంత దూరం నుండి వచ్చేవారు. అందులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం, అది కత్తులకు తగిన ఉక్కు. చెంచాకు కావలసినది వంగినా విరగని మెత్తదనం. కొడవలి అంచును ముంచినట్లు చెంచాను నీళ్లలో ముంచే అవసరం కూడా లేదు, గాలికి చల్లారనివ్వండి.

జీఐ (జింకు పూత వేసిన ఇనుము) సరుకును మాత్రం కొలిమి దగ్గరికి రానీయకండి. నేను ఒకసారి పాత జీఐ పైపు ముక్కను కాల్చి, ఆ రాత్రంతా చలిజ్వరంతో వణికాను. దాని మీది జింకు 907 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది, కొలిమి వేడి అంతకన్నా ఎక్కువ.

కరీంనగర్ వంటిల్లు:

నాకు కొలిమి పని రాదు, కానీ ఇనుప గంటెలు, పెనాలు మా ఇంట్లో రోజూ వాడతాము. పొలుసు పోవడానికి చెంచాను చిక్కని చింతపండు రసంలో ఒక రాత్రి ఉంచి, పొద్దున రుద్ది కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టండి. ఆకురాయి, ఉప్పు కాగితం అయిన తరువాత పాత నూలు చీర ముక్కను అంచు వెంట లాగి చూడండి. ఒక్క పోగు చిక్కినా ఆ చోటు పెదవికి తగులుతుంది. తరువాత వంట నూనెను పలుచగా రాసి, పొగ ఆగే వరకు వేడి చేయాలి, రెండు మూడు సార్లు చేస్తే నల్లని పూత నిలుస్తుంది. రంగుల దుకాణంలో దొరికే కాచిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు, అది తినే వస్తువుకు పనికిరాదు. చెంచాను పులుసు గిన్నెలో వదిలేయవద్దు. పూత పోతుంది, పులుసు నల్లబడుతుంది.

హన్మకొండ అభ్యాసి:

అందరికీ కృతజ్ఞతలు. నున్నని సలాక తెచ్చి, మెడ పనిని చివరికి ఉంచి, మొన్న ఆదివారం ఒకటి చేశాను. బల్ల అంచుకు ఆనించి బలంగా వంచితే వంగింది, విరగలేదు, మళ్లీ కాల్చి సరిచేశాను. ఆకు ఒక పక్కన కొంచెం మందంగానే మిగిలింది. పెద్దాయన దానిని చేతిలో తిప్పి చూసి, కాడ రెండు వేళ్ల పొడవు ఎక్కువైందని కోయించారు. నూలు గుడ్డకు ఇంకా రెండు చోట్ల పోగులు చిక్కుతున్నాయి, ఈ రాత్రికి వాటిని సరిచేసి నూనె పడతాను.